బియ్యప్పిండి లిక్విడ్ అన్న పిల్లాడికి ఏం చెప్పాలి?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. బాబు ఒకటో తరగతి, ఇంగ్లీషు మీడియం. సాలిడ్, లిక్విడ్, గ్యాస్ అంటే ఏమిటో గుక్కతిప్పుకోకుండా అప్పజెబుతాడు. కానీ వర్క్‌షీట్‌లో బియ్యప్పిండి బొమ్మ కింద లిక్విడ్ అని రాశాడు. దూది దగ్గర ఏమీ రాయకుండా వదిలేశాడు. గ్యాస్‌కి ఉదాహరణ గీయమంటే వంటగ్యాస్ సిలిండర్ గీశాడు. ఖాళీ గ్లాసులో ఏముంది అంటే ఏమీ లేదన్నాడు. నాలుగింటికీ ఇంటూ మార్కులు. శుక్రవారం మళ్లీ టెస్టు. ఇంట్లో ఎలా చెప్పాలి, ఆన్‌లైన్‌లో దొరికే సైన్సు కిట్ కొనాలా, తెలుగులో చెప్పాలా ఇంగ్లీషులోనా అని అడిగారు.

కిట్ వద్దు. మీ వంటింట్లో ఉన్న సరుకే దానికంటే ఎక్కువ. ముప్పై ఏళ్లు కోనసీమ పల్లెల్లో ప్రైమరీ పిల్లలకు ఇదే పాఠం చెప్పాను, రిటైరయ్యాక ఇప్పుడు మనవరాలికి చెబుతున్నాను. మీ బాబు రాసిన నాలుగూ నాకు బాగా పరిచయమున్న జవాబులే. ఏ ఒక్కటీ బుర్రలేక రాసింది కాదు. మనం ఇంట్లో మాట్లాడే మాటల్లోంచే వాడు వాటిని ఏరుకున్నాడు. అందుకని ముందు మన మాటలు చూసుకుందాం.

మొదటిది "గట్టి". ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను బోర్డు మీద "గట్టిగా ఉండేది ఘనం, పారేది ద్రవం, కంటికి కనపడనిది వాయువు" అని రాసేవాణ్ణి. పిల్లలు కోరస్‌గా చదివేవాళ్లు, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లు మెచ్చుకునేవాళ్లు. ఒకరోజు మూడో తరగతి పిల్ల లేచి, "మేష్టారూ, మా అమ్మ చీర గట్టిగా లేదు కదండీ, మరి అది నీళ్ల జాతా?" అంది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు తప్పని ఇంటికెళ్లాక తెలిసింది. నేను చెప్పిన సూత్రాన్ని ఆ పిల్ల తు.చ. తప్పకుండా వాడింది, సూత్రమే చిల్లుల తట్ట. మీ బాబు దూది దగ్గర ఆగిపోయింది కూడా అక్కడే. దూది గట్టిగా లేదు, పారదు, కనిపిస్తుంది. ఇంకేం రాస్తాడు పాపం?

అప్పట్నించి నిర్వచనాలు మానేసి ఒకే ఒక ప్రశ్న పట్టుకున్నాను: "దీన్ని వదిలేస్తే ఏం చేస్తుంది?"

బల్ల మీద దూది ఉండ పెట్టి వదిలేయండి. అలాగే ఉంటుంది. రాయి, చీర, చపాతీ కూడా అంతే. మనం మడిస్తే మడత పడతాయి, నొక్కితే నొక్కుకుపోతాయి, కానీ వాటంతట అవి పరుచుకోవు. నీళ్లు వదిలేస్తే పల్లానికి పాకి, గిన్నె ఎలా ఉంటే అలా సర్దుకుని, పైభాగం సమంగా నిలుస్తాయి. గాలిని వదిలేస్తే అడుగున కూర్చోదు, గది మొత్తం ఆక్రమిస్తుంది. ఈ ఒక్క ప్రశ్నతో ఆరేళ్ల పిల్లాడు వంటింట్లో సగం వస్తువులు తనే తేల్చేస్తాడు. మీరు జవాబు చెప్పకండి, పందెం వేయండి. "ఆముదం ఏం చేస్తుందంటావ్?" అని అడిగి ప్లేటులో చుక్క వేసి కాసేపు చూడనివ్వండి. నెమ్మదిగానైనా పరుచుకుంటుంది. తేనె కూడా అంతే. నెమ్మదిగా పారేదీ ద్రవమే అని వాడి నోటితోనే రావాలి.

రెండో మాట "పోయడం". బియ్యప్పిండి చిక్కు ఇక్కడే. మన భాషలో నీళ్లూ పోస్తాం, బియ్యమూ పోస్తాం. డబ్బాలో పిండి పోయమంటాం, ఎసట్లో బియ్యం పోయమంటాం. మా చిన్నప్పుడు పాలు కొలిచే సోలే వేరు, బియ్యం కొలిచే సోలే వేరు అయినా, పేరు మాత్రం రెండింటికీ సోలే. ఇప్పుడు మీరు కూడా బియ్యాన్నీ నీళ్లనీ అదే గ్లాసుతో కొలిచి కుక్కర్లో పోస్తున్నారు కదా. పిల్లాడు చూసేది అదే. పోసేది, గిన్నెలో సర్దుకునేది లిక్విడ్ అనుకోవడంలో వింతేముంది?

దీనికి రెండు పళ్లేలు చాలు. ఒకదాంట్లో అరగ్లాసు నీళ్లు, రెండోదాంట్లో అరగ్లాసు పిండి ఒకే చోట పోయించండి. నీళ్లు పళ్లెమంతా పరుచుకుంటాయి. పిండి కుప్పగా నిలబడుతుంది. తర్వాత రాళ్ల ఉప్పు పలుకులు నాలుగు తెచ్చి చేతిలో పెట్టండి. ఒక్కో పలుకుకీ మూలలు ఉంటాయి, తడిమి చూడమనండి. ఇది సాలిడేనా? అవును. ఒకటి రోట్లో వేసి రెండు ముక్కలు చేయండి. ఇప్పుడు? అవును. ఇంకా దంచండి, మెత్తటి ఉప్పయ్యేదాకా దంచుతూ మధ్యమధ్యలో ఆగి అదే అడగండి. "ఎక్కడ లిక్విడ్ అయింది?" మా మనవరాలు ఈ ప్రశ్నకి రోకలి పక్కన పెట్టేసి చాలాసేపు ఆలోచించి, "అవ్వలేదు తాతయ్యా, చిన్న చిన్న రాళ్లయింది" అంది. పిండి, ఇసుక, రవ్వ, పంచదార అన్నీ ఆ చిన్న చిన్న రాళ్లే. భూతద్దం ఉంటే సరే, లేకపోయినా ఫోన్ కెమెరా దగ్గరగా పెట్టి చూపిస్తే సరిపోతుంది.

మూడో మాట "కరగడం". ఇది మన భాషలోనే ఉన్న చిక్కు. ఐస్ కరిగింది అంటాం, టీలో చక్కెర కరిగింది అని కూడా అంటాం. రెండూ ఒకటే అనుకుని చక్కెర నీళ్లయిపోయిందనుకుంటారు పిల్లలు. రెండు ఖాళీ స్పూన్లు తీసుకుని ఒకదాంట్లో ఐస్ ముక్క, ఒకదాంట్లో చక్కెర వేసి కిటికీ దగ్గర పెట్టించండి. ఐస్‌కి ఎవరి సాయమూ అక్కర్లేదు, గది వేడికే నీరైపోతుంది. చక్కెర సాయంత్రం దాకా అలాగే కూర్చుంటుంది. దానికి నీళ్ల తోడు కావాలి. అందుకే నేను చిన్నపిల్లల దగ్గర ఐస్‌కి మాత్రమే "కరిగింది" అంటాను, చక్కెరకి "నీళ్లలో కలిసిపోయింది" అంటాను. కలిసిపోయిందని ఎలా తెలుసు? నాలుక మీద చుక్క వేసుకుంటే తెలుస్తుంది. పెద్దయ్యాక ద్రవీభవనం, ద్రావణం అనే మాటలు వచ్చినప్పుడు ఈ తేడా వాళ్లకి కొత్తగా ఉండదు.

స్థితి మారడం చూపించడానికి అందరూ ఐసే పట్టుకుంటారు. నేను నెయ్యీ, కొబ్బరినూనే ముందు పెడతాను. ఐస్‌తో ఆపేస్తే, ఈ వేషాలు వేసేది నీళ్లొక్కటే అనుకుంటారు. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గర పేరుకుంటుంది. చలికాలం పొద్దున్నే సీసా తిరగేసినా చుక్క రాదు, అమ్మ ఎండలో పెడుతుంది, పది గంటలకి జారుతుంది. పిల్లలందరూ చూసిన దృశ్యమే, కానీ దాన్ని పాఠమని ఎవరూ అనలేదు. మీ ఊళ్లో ఇప్పుడు ఎండలైతే చెంచాడు నూనె చిన్న గిన్నెలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. గంట తర్వాత బాబు అరచేతిలో ఆ తెల్లటి బిళ్ల పెట్టండి. వాడి చేతి వేడికే అంచులు పారదర్శకంగా మారి, వేళ్ల సందుల్లోంచి కారిపోతుంది. మళ్లీ గిన్నెలో పట్టి ఫ్రిజ్‌లో పెడితే మళ్లీ బిళ్ల. ఇలా ఎన్నిసార్లయినా. నూనె నూనెగానే ఉంది, ఉన్న తీరు మాత్రం మారుతోంది. మైనం, చాక్లెట్ కూడా ఇలాంటివే. మైనం మీరు కరిగించేటప్పుడు దూరం నుంచి చూపించండి చాలు. చెయ్యి కాలితే పాఠం మొత్తం మర్చిపోతాడు.

ఇక్కడ మీకు ఒక ప్రశ్న ఎదురవుతుంది, సిద్ధంగా ఉండండి. నన్ను రెండో తరగతి కుర్రాడు అడిగాడు: "వేడి చేస్తే గట్టిది కరుగుతుందన్నారు. మరి ఇడ్లీ పిండి వేడి చేస్తే గట్టిపడిందేంటండీ?" గుడ్డు కూడా అంతేగా అన్నాడు పక్కవాడు. ఆ పూట నాకు సరైన జవాబు తట్టలేదు, రేపు చెబుతానన్నాను. మర్నాడు చెప్పింది ఇది: నెయ్యిని వెనక్కి తేగలం, ఇడ్లీని మళ్లీ పిండి చేయగలమా? లేదు. పెరుగుని పాలు చేయగలమా? లేదు. వెనక్కి రానివి వేరే రకం మార్పులు, వాటిలో పదార్థమే మారిపోతుంది. ఒకటో తరగతికి ఇంతకు మించి అక్కర్లేదు. పిల్లలు వారం రోజులు ఇంట్లో కనపడిన ప్రతిదానికీ "ఇది వెనక్కి వస్తుందా?" అని అడుగుతూ తల్లుల్ని విసిగించారని తర్వాత తెలిసింది.

చిన్న హెచ్చరిక. సన్నటి పొడవాటి గ్లాసులో నీళ్లు వెడల్పు గిన్నెలోకి ఒంపితే "తగ్గిపోయాయి" అంటాడు మీ బాబు. దిద్దకండి. టెట్‌కి, అంటే టీచర్ల అర్హత పరీక్షకి చదివినవాళ్లకి, పిల్లల ఆలోచనా తీరుని పరిశీలించిన మనస్తత్వవేత్త పియాజే పేరు గుర్తుండే ఉంటుంది. ఆయన పిల్లల మీద చేసిన ప్రయోగాల్లో ప్రసిద్ధమైనది ఇదే. ఏడేళ్లు అటూ ఇటూ వచ్చేదాకా చాలామంది పిల్లలకు ఎత్తు తగ్గితే నీళ్లు తగ్గినట్టే. మళ్లీ వెనక్కి ఒంపించి చూపించండి, ఊరుకోండి. వయసు చేయాల్సిన పని ట్యూషన్‌తో చేయించలేం.

ఇప్పుడు అసలు కష్టమైనది, వాయువు. ఇక్కడ "గాలి" అనే మాటే మనల్ని ముంచుతుంది. కరెంటు పోగానే "అబ్బ, గాలే లేదు" అంటాం. గాలి వీచడం లేదని మన భావం, గదిలో గాలి అనే వస్తువే లేదని పిల్లాడికి అర్థం. అందుకే ఖాళీ గ్లాసులో ఏమీ లేదంటాడు. ముందు ఆ మాటని విడగొట్టండి. ఫ్యాన్ ఆపేసి, అట్టముక్కతో వాడి మొహం మీద విసరండి. "ఈ గాలి ఎక్కణ్ణుంచి వచ్చింది? అట్టలో దాక్కుందా?" ఇక్కడే ఉంది, కదలకుండా కూర్చుంది, మనం కదిపాం.

తర్వాత స్నానాల బకెట్ దగ్గరకి వెళ్లండి. స్టీలు గ్లాసు వద్దు, లోపల కనిపించే గ్లాసు కావాలి, ప్లాస్టిక్‌దైతే భయం ఉండదు. న్యూస్‌పేపర్ ముక్క ఉండచుట్టి అడుగున బిగించండి. తిరగేసి ఊపినా ఊడకూడదు. వదులుగా పెడితే నీళ్లలో పడిపోయి ప్రయోగం నవ్వులపాలవుతుంది, నాకు అయింది. గ్లాసు బోర్లించి నిటారుగా, నెమ్మదిగా బకెట్ అడుగుదాకా నొక్కమనండి. ఏదో కిందినుంచి తోస్తున్నట్టు చేతికి తెలుస్తుంది. ఆ తోపుడు వాడి చేతికి తెలియడమే పాఠంలో సగం, అందుకని మీరు నొక్కి చూపించకండి. అలాగే నిటారుగా పైకి తీసి, చెయ్యి బాగా తుడుచుకున్నాకే కాగితం ముట్టుకోనివ్వండి, లేకపోతే చేతి తడికే తడిసిపోతుంది. కాగితం పొడిగా ఉంటుంది. రెండోసారి నీళ్లలో ఉండగానే గ్లాసు కొంచెం పక్కకి వంచమనండి. బుడుంగుమని పెద్ద బుడగ పైకొస్తుంది, కాగితం తడుస్తుంది. "ఖాళీ గ్లాసులోంచి బయటికొచ్చిందేంటి?" అని అడిగి ఇక మాట్లాడకండి.

మెడికల్ షాపులో సూది లేని కొత్త సిరంజి తెచ్చి ఉంచుకోండి. ముందు గాలి పీల్చి మూతి బొటనవేలితో మూసి నొక్కితే పిస్టన్ సగం దాకా దిగి, వదలగానే వెనక్కి తన్నుకొస్తుంది. నీళ్లు నింపి అలాగే నొక్కితే కదలనే కదలదు. ఈ తేడాని నోటితో చెప్పడానికి నాకు ఇరవై నిమిషాలు పట్టేది. ఇంకో సంగతి వాడి చెవిన వేయండి. పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిలోని గాలి బరువు 30 కిలోలకు పైనే ఉంటుంది. ఇంటికొచ్చే 25 కిలోల బియ్యం బస్తాకంటే ఎక్కువన్నమాట. మా క్లాసులో ఇది చెప్పినరోజు పిల్లలు పైకి చూస్తూ కూర్చున్నారు.

గాలి పాకడం చూపించాలంటే ఇంగువ డబ్బా చాలు. బాబుని హాల్లో కళ్లు మూసుకుని కూర్చోబెట్టి, వాసన అందగానే చెయ్యెత్తమని, వంటింట్లో డబ్బా మూత తీయండి. కమలాపండు తొక్క గిల్లినా సరే. వదిలేస్తే ఏం చేసింది? ఇల్లంతా తిరిగింది. గోలీ సోడా దొరికే ఊరైతే ఒకటి కొనండి. గోలీని మూతికి అతికించి పెట్టింది లోపలి గ్యాసే. ఇంగ్లండ్‌లో 1870ల్లో హైరమ్ కాడ్ అనే ఆయన కనిపెట్టిన సీసా అది. కొట్టగానే వచ్చే ఆ "కీచ్" చప్పుడు కోసమైనా పిల్లలకి పాఠం గుర్తుంటుంది.

సిలిండర్ బొమ్మ సంగతి. ఇంట్లో గ్యాస్ అంటే వంటగ్యాసే, మహా అయితే తాతయ్య కడుపులో గ్యాస్. కాబట్టి వాడు గీసింది న్యాయమే, కానీ తమాషా ఏంటంటే ఆ 14.2 కిలోల సిలిండర్‌లో ఉన్నదాంట్లో ఎక్కువ భాగం ద్రవం. ఒత్తిడితో కుక్కి ద్రవంగా మార్చి నింపుతారు, వాల్వు తిప్పితే వాయువై బయటికొస్తుంది. డెలివరీ అబ్బాయి కొత్త సిలిండర్ దించేటప్పుడు లోపల తొణికిన చప్పుడు వినిపించవచ్చు. వంటగ్యాస్‌కి సొంత వాసన దాదాపు లేదు, కారితే తెలియాలని ఘాటు వాసన కలుపుతారు. బాబుకి ఇది చెబితే "అయితే నేను గీసింది రెండూనా?" అంటాడు, అవుననండి. సిలిండర్ దగ్గర ప్రయోగాలు మాత్రం ఏవీ వద్దు.

ఆవిరి దగ్గర పెద్దవాళ్లం కూడా తప్పుతాం. టీ మీద లేచేదాన్ని పొగ అంటాం, పుస్తకంలో ఆవిరి బొమ్మ గీస్తే తెల్లటి మేఘం గీస్తాం. ఆ తెల్లగా కనపడేది చల్లబడిన సన్నని నీటి బిందువుల గుంపు. నిజమైన నీటి ఆవిరి కంటికి కనపడదు. కుక్కర్ విజిల్ వేసేటప్పుడు దూరం నుంచి చూపించండి, రంధ్రానికి ఆనుకుని కాస్త మేర ఏమీ కనపడదు, తెలుపు ఆ పైన మొదలవుతుంది. చెయ్యి దగ్గరికి పోనివ్వకండి, ఆవిరితో కాలితే వేడినీళ్లతో కాలినదానికంటే ప్రమాదం. పెళ్లిళ్లలో వధూవరులు నడిచొస్తుంటే వదిలే తెల్లటి "పొగ" కూడా ఇదే బాపతు. దాన్ని పుట్టించే డ్రై ఐస్ గట్టిపరిచిన కార్బన్ డయాక్సైడ్, మైనస్ 78 డిగ్రీల చలి. పిల్లలు దాన్ని ముట్టుకోకుండా చూడండి.

ఇగిరిపోవడానికి తడివేలితో స్టీలు పళ్లెం మీద వాడి పేరు రాయించి ఫ్యాన్ కింద పెట్టండి. నేల మీద రాయిస్తే "నేల తాగేసింది" అంటారు, స్టీలు తాగదు కదా. చల్లటి సీసా బయట పట్టే చెమటకైతే సీసాలో మజ్జిగ పోయండి. లోపలి నీళ్లే కారాయని పట్టుబట్టే పిల్లాడు, బయట చుక్కలు తెల్లగా లేవని చూసి ఆగుతాడు.

ఘనం నేరుగా వాయువు కావడానికి కర్పూరం, కలరా ఉండలు మంచి ఉదాహరణలే. కానీ ఆరేళ్ల వాడి చేతికివ్వను. రెండూ మింగితే విషం. దేవుడి గదిలో మూత తీసి ఉంచిన బిళ్ల రోజురోజుకీ చిక్కిపోవడం చూపించి, డబ్బా మళ్లీ పైన పెట్టేయండి.

అణువుల బొమ్మలు ఇప్పుడే వద్దు. ఇంట్లో నాలుగో, ఐదో తరగతి పిల్లలుంటే వాళ్లకి చెప్పవచ్చు: ప్రేయర్ లైన్‌లో పిల్లలు జరక్కుండా కాళ్లు మాత్రం ఆడిస్తూ నిలబడ్డట్టు ఘనం, నీళ్ల కుళాయి దగ్గర ఒకరినొకరు రాసుకుంటూ తోసుకున్నట్టు ద్రవం, లాంగ్ బెల్ కొట్టాక రోడ్డు మీద పడ్డట్టు వాయువు. చాలా చార్టుల్లో ద్రవం బొమ్మలో చుక్కల్ని బాగా దూరదూరంగా గీస్తారు, అది తప్పు. ద్రవంలోనూ దాదాపు ఘనంలో ఉన్నంత దగ్గరగానే ఉంటాయి. అందుకే సిరంజిలో నీళ్లు నొక్కుడు పడలేదు.

తెలుగులో చెప్పాలా, ఇంగ్లీషులో చెప్పాలా అనేది మీ చివరి ప్రశ్న. పని అంతా తెలుగులో చేయండి, పేరు చివర్లో ఇంగ్లీషులో తగిలించండి. పేరు ముందు పెడితే "సాలిడ్‌గా ఉంది" అని మనం అనే సాలిడ్డే గుర్తొచ్చి, మళ్లీ గట్టి దగ్గరికే వస్తాడు.

శుక్రవారం టెస్టుకి పిండి, దూది, ఉప్పు సాలిడ్. తేనె, నూనె లిక్విడ్. నెయ్యి వస్తే, బొమ్మలో పేరుకుందో కరిగిందో చూసి రాయమనండి. ఖాళీ గ్లాసు మళ్లీ వస్తే గాలి. టూత్‌పేస్ట్ వస్తే మాత్రం టీచర్నే అడగమనండి.